దీపాలవాడి సెలవు

నేను దీపాలు బిగించేవాణ్ణి.
పారమట్టాలో కార్ల షోరూములకీ, పార్కింగులకీ,
రాత్రి పది దాటాక ఎవరూ ఆడని టెన్నిస్ కోర్టులకీ
నిచ్చెనెక్కి వెలుగు తగిలించి దిగుతాను.
అలాంటివాడు చీకటి చూడ్డానికి సెలవడిగితే
మేనేజరు నవ్వాడు. నవ్వడూ మరి!

ఈ పిచ్చి నాది కాదు, సువర్చలది.
కరెంటు పోయిన ఒక రాత్రి
బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తూ తలెత్తి,
"ఇవన్నీ ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నాయా?" అంది,
నేనేదో దాచిపెట్టినట్టు.

అప్పట్నుంచీ వెతుకులాటే.
కటూంబా కొండెక్కితే తూర్పంతా సిడ్నీ మంట.
మడ్జీలో మబ్బు.
మూడోసారి అన్నీ కుదిరాయి, టెంటూ ఫ్లాస్కూ దుప్పట్లూ,
తీరా చూస్తే పున్నమి.
అమావాస్య చూసుకుని ప్రయాణం కట్టాలని
మా ఇంటా వంటా లేదు, ఎవరికి తడుతుంది?

నాలుగోది ఏప్రిల్‌లో, కూనబరాబ్రన్.
డబ్బో దాటాక రోడ్డు పక్కన
గ్రహాలు బోర్డులై ఎదురొచ్చాయి.
"శని దగ్గర ఆపుతావేంటి" అంటూనే
పులిహోర డబ్బా మూత తీసింది.

ఊళ్ళోకి రాగానే నా కళ్ళు స్తంభాల మీదికే పోయాయి.
ఒక్కో వీధి దీపం టోపీ పెట్టుకుని
పరీక్ష రాసే పిల్లాడిలా
తన కిందున్న జాగానే చూసుకుంటోంది.
పదిహేనేళ్ళలో నేను బిగించినవాటిలో
ఇంత బుద్ధిగా ఉన్నది ఒక్కటీ లేదు.

క్యాంపు దగ్గర, టార్చికి ఎర్ర జాకెట్టుగుడ్డ చుట్టి
మెడలు నొప్పెట్టేదాకా కూర్చున్నాం.
నా చెయ్యి నాకే కనబడలేదు.
పడమట గొల్లకావడి వాలింది,
తిరగబడ్డ కావడి, ఒక్క చుక్కా ఒలకలేదు.
ముసలమ్మ మంచం మాత్రం
ఎంత వెతికినా భూమి కిందే.

పక్క టెంటు కోరలీ వచ్చి మా దుప్పటి చివర కూర్చుంది.
గమిలరాయ్ మనిషి. స్కూలు బస్సు నడిపి మానేసిందట.
సువర్చల వేలెత్తి చుక్కా చుక్కా కలుపుతోంది,
గాల్లో ముగ్గేస్తున్నట్టు.
"చుక్కలు వదిలెయ్యి," అంది కోరలీ.
"మధ్యలో నల్లగా ఉన్నది చూడు."

చూశాం. ఏమీ లేదు.
మళ్ళీ చూశాం.
ఏమీ లేనిదానికి ముందు ముక్కు వచ్చింది,
తర్వాత మెడ, పొడుగ్గా, పాలపుంత నడుమ.
పది గంటలకి తూర్పు కొండ వెనక నుంచి
పొట్ట లేచింది. కాళ్ళింకా రావాలి.
"ధినావన్," అంది. ఈము.
ముగ్గులో చుక్క పెట్టని చోటే
ఒక పక్షి ఆకాశమంత నిలబడి ఉంది.

"అది ఒరిగిన తీరు చూసి
గుడ్లు ఎప్పుడు ఏరుకోవాలో చెప్పేవాళ్ళు మావాళ్ళు.
మీ వైపు కనబడదా?"
సువర్చల నా వైపు తిరిగింది, చీకట్లోనూ తెలిసింది నాకు.
"లేదండీ," అన్నాను.
ఏం పని చేస్తావని ఆవిడ అడగలేదు.
నేనూ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే జేబులో ఫోను వెలిగింది.
సోమవారం పెన్రిత్. ముప్పై ఆరు ఫ్లడ్ లైట్లు.
హైవే మీంచి జెండాలు కనబడాలి, పైకి ఎత్తి కట్టు.
మూడు మొహాలూ తెల్లబడ్డాయి.
పైకి చూస్తే పక్షి లేదు.
అది తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది.
అంతసేపూ ఎవరూ ఏమీ అనలేదు,
కోరలీ ఫ్లాస్కు మూతలో టీ పోసి నా చేతికిచ్చింది,
చెయ్యి తడుముకుని.

సోమవారం నిచ్చెనెక్కాను.
ముప్పై అయిదు, చెప్పినట్టే, పైకి.
చివరిది కంచె మూలన ఉంది, జెండాకి దూరంగా.
దాని మెడ పట్టుకుని
వంచాను, స్పానరు ఇక తిరగనంటున్నంత వరకూ.
కింద పిచ్చిగడ్డి, ఒక చిప్స్ ప్యాకెట్టు
స్పష్టంగా కనబడ్డాయి.